జర్మనీలో డ్రైవింగ్ లైసెన్సు: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా అక్టోబరులోను, ఏప్రిల్‌లోను ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో సెమిస్టరు మొదలవుతుంది. ఆ తర్వాత రెండు మూడు నెలలకు, కొత్తగా వచ్చిన మన విద్యార్థులు, ఉద్యోగులు, వారి కుటుంబాల వారు దాదాపు ఒకే వరుసలో ఒకే ప్రశ్నలు అడుగుతుంటారు. ఈ విషయంలో ఆలస్యం వల్ల జరిగే నష్టం పెద్దది కనుక, ఆ ప్రశ్నలను వారు అడిగిన మాటల్లోనే ఉంచి ఒక్కొక్కదానికి విడిగా జవాబు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఇందులోని నియమాలన్నీ ప్రధానంగా కారుకు, అంటే ఇక్కడి బి క్లాసు లైసెన్సుకు సంబంధించినవి.

## వచ్చిన కొత్తలో

మన ఇండియా లైసెన్సుతో ఇక్కడ ఎన్నాళ్లు కారు నడపవచ్చు?

జర్మనీలో నివాసం ఏర్పరచుకున్న రోజు నుంచి ఆరు నెలలు నడపవచ్చు. నగర కార్యాలయంలో మీరు చేసుకునే చిరునామా నమోదు, అంటే ఆన్‌మెల్డుంగ్, సాధారణంగా ఆ తేదీకి ఆధారంగా నిలుస్తుంది. ఈ ఆరు నెలలూ అసలు లైసెన్సు కార్డుతో పాటు దాని జర్మన్ అనువాదం గాని, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గాని మీ దగ్గర ఉండాలి. మొత్తం బస పన్నెండు నెలలకు మించదని కాగితాలతో చూపగలిగిన వారు గడువు పొడిగింపు అడగవచ్చు కానీ, రెండేళ్ల మాస్టర్స్ కోసమో శాశ్వత ఉద్యోగం కోసమో వచ్చినవారికి ఆ వెసులుబాటు వర్తించదు. లెర్నర్ లైసెన్సు ఇక్కడ ఒక్కరోజు కూడా చెల్లదు.

ఇంటర్నేషనల్ పర్మిట్‌కు ఏడాది గడువు ఉంది కదా, ఏడాది దాకా నడపకూడదా?

నడపకూడదు. మన ఆర్టీఓ కార్యాలయం ఇచ్చే ఆ పుస్తకం మీద ఏడాది గడువు ముద్రించి ఉన్న మాట నిజమే కానీ, అది మీ లైసెన్సుకు అనేక భాషల్లో ఉన్న అనువాదం మాత్రమే. ఇక్కడ నివసించే వ్యక్తికి ఇండియా లైసెన్సు ఆరు నెలలతో చెల్లకుండా పోయినప్పుడు, దాని అనువాదానికి విడిగా విలువ ఉండదు. మన వాళ్లలో ఎక్కువ మంది పొరపడేది ఈ ఒక్క విషయంలోనే. అయినా బయలుదేరే ముందే ఆ పర్మిట్ తీసుకుని రావడం మంచిది, ఎందుకంటే మొదటి నెలల్లో అద్దె కారు తీసుకోవాలంటే చాలా సంస్థలు దాన్ని అడుగుతాయి.

ఆరు నెలలు దాటాక ఎప్పుడో ఒకసారి నడిపితే ఏమవుతుంది?

చట్టం దృష్టిలో అది లైసెన్సు లేకుండా నడపడమే. ఇక్కడ అది సిగ్నల్ దాటినందుకు కట్టే జరిమానా వంటిది కాదు, క్రిమినల్ నేరం. దానికి జరిమానా గాని, ఏడాది వరకు జైలు శిక్ష గాని పడవచ్చు. మీకు లైసెన్సు లేదని తెలిసీ కారు ఇచ్చిన యజమాని కూడా శిక్షకు గురవుతాడు కనుక, మీ స్నేహితుణ్ణి కూడా ఇబ్బందిలోకి లాగినట్టవుతుంది. ప్రమాదం జరిగితే బీమా సంస్థ ఎదుటివారికి పరిహారం చెల్లించి, ఆ సొమ్ములో 5,000 యూరోల వరకు మీ నుంచి తిరిగి వసూలు చేసుకోవచ్చు. చదువు మీదనో ఉద్యోగం మీదనో వచ్చి ఇక్కడ స్థిరపడాలనుకునే వారికి క్రిమినల్ కేసు ఎంతటి భారమో ఆలోచించి, గడువు ముగిసిన నాడే తాళాలు పక్కన పెట్టేయండి.

అమ్మానాన్నలు మమ్మల్ని చూడడానికి వచ్చినప్పుడు మా కారు నడపవచ్చా?

నడపవచ్చు. వారు ఇక్కడ నివాసం ఏర్పరచుకోరు, సందర్శకులుగా వస్తారు కనుక, ఇండియా లైసెన్సు, దానితో పాటు అనువాదం లేదా ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటే సరిపోతుంది. మీ బీమా ఒప్పందంలో ఎవరెవరు నడపవచ్చని రాసి ఉందో ముందుగా చూసుకుని, అవసరమైతే వారి పేర్లు కూడా చేర్పించండి.

సెలవులకు ఊరు వెళ్లినప్పుడు లైసెన్సు తీసుకుని వచ్చి ఇక్కడ మార్చుకోవచ్చా?

కుదరదు. మీ నివాసం జర్మనీలో ఉన్న కాలంలో ఇండియాలో పొందిన లైసెన్సును ఇక్కడ గుర్తించరు. కార్డు మీద ఉన్న జారీ తేదీని, మీ చిరునామా నమోదు తేదీని పక్కపక్కన పెట్టి చూస్తారు. కనుక వీసా కోసం ఎదురుచూస్తున్న వారెవరైనా ఉంటే, వారికి నేను చెప్పేది ఒక్కటే: విమానం ఎక్కకముందే, పద్ధతిగా నేర్చుకుని, పద్ధతిగా పరీక్ష ఇచ్చి లైసెన్సు తీసుకోండి. దాని వల్ల ఇక్కడ మీకు వేల యూరోలు కాకపోయినా, కచ్చితంగా కొన్ని వందల యూరోలు మిగులుతాయి.

## దరఖాస్తు, కాగితాలు

మార్చుకోవడం అంటే పాత కార్డు ఇస్తే కొత్త కార్డు ఇచ్చేస్తారా?

కొన్ని దేశాల లైసెన్సులకు అలాగే ఇస్తారు కానీ, ఆ జాబితాలో భారతదేశం లేదు. మనం థియరీ పరీక్ష, ప్రాక్టికల్ పరీక్ష రెండూ నెగ్గాలి. మనకున్న సౌలభ్యం ఏమిటంటే, కొత్తగా నేర్చుకునే వారికి తప్పనిసరి అయిన క్లాసులు, నిర్ణీత డ్రైవింగ్ పాఠాలు మనకు తప్పనిసరి కావు. ఈ ప్రక్రియను జర్మన్‌లో ఉమ్‌ష్రైబుంగ్ అంటారు. లైసెన్సులు ఇచ్చే కార్యాలయంలోను డ్రైవింగ్ స్కూల్లోను ఈ మాట ముందుగా చెప్పండి, లేకపోతే మిమ్మల్ని కొత్త అభ్యర్థుల వరుసలో చేర్చే అవకాశం ఉంది.

దరఖాస్తుకు ఏయే కాగితాలు కావాలి?

పాస్‌పోర్టు, చిరునామా నమోదు పత్రం, బయోమెట్రిక్ ఫొటో, చెల్లుబాటులో ఉన్న ఇండియా లైసెన్సు అసలు కార్డు, దాని జర్మన్ అనువాదం, కంటి పరీక్ష పత్రం, ప్రథమ చికిత్స శిక్షణ పత్రం, మీరు ఎంచుకున్న డ్రైవింగ్ స్కూలు పేరు. అనువాదం ప్రమాణం చేసిన అనువాదకుల చేత గాని, మోటారు వాహనదారుల సంఘమైన ఏడీఏసీ చేత గాని చేయించుకోవచ్చు. మన కార్డు ఇంగ్లీషులో ఉన్నా అనువాదం అడుగుతారు. కంటి పరీక్ష ఏ కళ్లద్దాల దుకాణంలోనైనా పది నిమిషాల్లో అయిపోతుంది, ఆ పత్రం రెండేళ్లు చెల్లుతుంది. ప్రథమ చికిత్స శిక్షణ ఒక్కొక్కటి 45 నిమిషాల చొప్పున తొమ్మిది పాఠాలుగా ఉంటుంది, ఒకే రోజులో పూర్తి చేస్తారు. పెద్ద నగరాల్లో ఇంగ్లీషులో కూడా దొరుకుతుంది. ఆ రోజును కేవలం ఒక కాగితం కోసం గడపవలసిన రోజుగా చూడకండి. స్పృహ తప్పిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం నా చేతులతో నేను మొదటిసారి చేసింది అక్కడే. కార్యాలయాన్ని బట్టి ఒకటి రెండు అదనపు పత్రాలు అడగవచ్చు కనుక, మీ నగరం జాబితాను చూసుకుని వెళ్లండి.

డిజిలాకర్‌లో ఉన్న లైసెన్సు చూపిస్తే చాలదా?

చాలదు. ఫోనులో ఉన్న లైసెన్సు మన దేశంలో పోలీసులకు చూపడానికి చెల్లుతుంది కానీ, ఇక్కడి కార్యాలయం అసలు కార్డును చేతిలోకి తీసుకుని పరిశీలిస్తుంది. కార్డు ఇంట్లో మరచిపోయి వచ్చినవారు నమ్మకమైన కొరియరు ద్వారా గాని, వచ్చేవారి చేత గాని తెప్పించుకోవాలి. కార్డు గడువు దగ్గరపడి ఉంటే ఇండియాలో ఉండగానే పునరుద్ధరించుకోవడం సులభం.

దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి, ఎంతకాలం పడుతుంది?

చిరునామా నమోదైన మొదటి నెలలోనే పెట్టాలి. కార్యాలయంలో అపాయింట్‌మెంట్ దొరకడానికి కొన్ని వారాలు, దరఖాస్తు పరిశీలనకు కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలలు, ఆపైన పరీక్ష తేదీలకు మరికొంత సమయం పడుతుంది. ఆరు నెలలు ముగిశాక కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆ హక్కు పోదు. అయితే అప్పటి నుంచి కార్డు వచ్చేదాకా మీరు కారు నడపలేరు. పట్టణానికి దూరంగా, బస్సు గంటకొకటి వచ్చే ఊళ్లో పసిపిల్లలతో ఉండే కుటుంబాలకు ఆ నెలలు ఎంత కష్టంగా గడుస్తాయో దగ్గర నుంచి చూశాను.

## డ్రైవింగ్ స్కూలు, ఖర్చు

పాఠాలు తప్పనిసరి కానప్పుడు డ్రైవింగ్ స్కూల్లో ఎందుకు చేరాలి?

ప్రాక్టికల్ పరీక్షను స్కూలు కారులోనే, బోధకుడు పక్కన కూర్చుని ఉండగానే ఇవ్వాలి, సొంత కారులో ఇవ్వడానికి వీల్లేదు. ఆ కారుకు బోధకుడి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. అందువల్ల స్కూలు తప్పదు. ఎన్ని పాఠాలు అవసరమో బోధకుడు మిమ్మల్ని ఒకసారి నడిపించి చూసి చెబుతాడు. ఐదారు పాఠాలతో సిద్ధమైనవారు ఉన్నారు, ఇరవై తీసుకున్నవారూ ఉన్నారు. ఒకటి రెండు పాఠాలకే పరీక్షకు పంపమని పట్టుబట్టడం తెలివైన పొదుపు కాదు, తప్పితే పరీక్ష రుసుము, కారు రుసుము మళ్లీ మొదటి నుంచి కట్టాలి.

స్నేహితుడి కారులో ఎల్ బోర్డు పెట్టుకుని ప్రాక్టీసు చేయవచ్చా?

చేయకూడదు. మన ఎల్ బోర్డు పద్ధతి ఇక్కడ లేదు, లైసెన్సు లేనివారు రోడ్డు మీద బోధకుడితో తప్ప మరెవరితోనూ నడపకూడదు. ఖాళీగా ఉన్న సూపర్ మార్కెట్ పార్కింగ్ స్థలం కూడా, అందరూ రాగలిగే చోటు గనుక, రోడ్డు కిందికే వస్తుంది. దీనికోసమే కంచె వేసిన ప్రాక్టీసు మైదానాలు ఉన్నాయి, రుసుము చెల్లించి అక్కడ సాధన చేసుకోవచ్చు.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

ఇండియా లైసెన్సు ఉండి, పది పాఠాల లోపు సిద్ధమయ్యే వారికి అన్నీ కలిపి సుమారు వెయ్యి నుంచి పదిహేను వందల యూరోలు అనుకోండి. ఊరిని బట్టి, స్కూలును బట్టి ఇది మారుతుంది. ఇందులో పెద్ద వాటా స్కూలు చేరిక రుసుము, పాఠాలు, పరీక్ష రోజు కారు రుసుములదే. థియరీ పరీక్ష రుసుము సుమారు 25 యూరోలు, ప్రాక్టికల్ పరీక్షది సుమారు 130 యూరోలు. చేరే ముందు ధరల పట్టిక అడిగి, ఒక పాఠం అంటే 45 నిమిషాలా 90 నిమిషాలా అన్నది స్పష్టంగా తెలుసుకోండి.

నాకు అసలు ఇండియాలో లైసెన్సే లేదు. అప్పుడు?

అప్పుడు మీరు పూర్తి శిక్షణ తీసుకోవాలి. ఒక్కొక్కటి 90 నిమిషాల చొప్పున 14 థియరీ క్లాసులు, మామూలు డ్రైవింగ్ పాఠాలు, వాటిపైన 12 ప్రత్యేక పాఠాలు ఉంటాయి. ఆ పన్నెండింటిలో ఐదు ఊరి బయటి రోడ్ల మీద, నాలుగు ఆటోబాన్, అంటే ఇక్కడి ఎక్స్‌ప్రెస్ రహదారి మీద, మూడు చీకట్లో. ఖర్చు 2,500 నుంచి 3,500 యూరోల వరకు, ఒక్కోసారి ఇంకా పైకి వెళుతుంది.

ఆటోమేటిక్ కారుతో పరీక్ష ఇస్తే గేర్ల కారు నడపవచ్చా?

కేవలం ఆటోమేటిక్‌తో పరీక్ష ఇస్తే కార్డు మీద 78 అనే సంకేతం పడుతుంది, దానితో గేర్ల కారు నడపకూడదు. 2021 ఏప్రిల్ 1 నుంచి మరో దారి తెరిచారు. గేర్ల కారులో కనీసం పది పాఠాలు తీసుకుని, స్కూల్లోనే పావుగంట పరీక్ష నెగ్గితే, అసలు పరీక్ష ఆటోమేటిక్‌తో ఇచ్చినా 197 అనే సంకేతంతో రెండు రకాలూ నడపవచ్చు. కుడిచేతితో గేరు మార్చడం మనకు కొత్త కనుక, మొదట్లో ఎడమ చెయ్యి తలుపు వైపు వెళుతూ ఉంటుంది. అది వారం పది రోజుల్లో సర్దుకుంటుంది, దానికి భయపడి ఆటోమేటిక్ ఎంచుకోనక్కర లేదు.

## థియరీ పరీక్ష

పరీక్ష ఏ భాషలో రాయవచ్చు? తెలుగు గాని హిందీ గాని ఉందా?

రెండూ లేవు. జర్మన్ కాక మరో 12 భాషల్లో రాయవచ్చు. వాటిలో ఇంగ్లీషు ఉంది గనుక మనలో చాలామంది అదే ఎంచుకుంటారు. ఇంగ్లీషు అనువాదం కొన్నిచోట్ల జర్మన్ వాక్యాన్ని అంటిపెట్టుకుని నడుస్తుంది కనుక, ప్రశ్నను రెండుసార్లు చదవడం అలవాటు చేసుకోండి.

ఎన్ని ప్రశ్నలు ఉంటాయి, ఎన్ని తప్పులు చేయవచ్చు?

మొత్తం 30 ప్రశ్నలు, కంప్యూటరు మీద. ఒక్కో ప్రశ్నకు దాని ప్రాముఖ్యాన్ని బట్టి రెండు నుంచి ఐదు వరకు తప్పు పాయింట్లు ఉంటాయి. మొత్తం పది పాయింట్లు మించకూడదు. అయితే ఐదు పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పితే, మొత్తం పదే అయినా నెగ్గనట్టే. ఒక ప్రశ్నకు ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులు ఉండవచ్చు, అన్నీ గుర్తించకపోతే ఆ ప్రశ్న మొత్తం తప్పు కింద లెక్క.

ఎలా చదివితే మంచిది?

ప్రశ్నల సంకలనంలో కారుకు వెయ్యికి పైగా ప్రశ్నలున్నాయి, పరీక్షలో వచ్చేవి వాటిలోనివే. ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న వాటిని సవరిస్తారు కనుక, స్నేహితుడి పాత పుస్తకం వాడకుండా స్కూలు ఇచ్చే యాప్‌నే వాడండి. రోజుకు గంట చొప్పున నెల రోజులు సరిపోతుంది. కంఠస్థం చేయడం కంటే కారణం తెలుసుకోవడం మేలు. ఉదాహరణకు ఆగే దూరం లెక్క చూడండి: వేగాన్ని పదితో భాగించి మూడుతో గుణిస్తే మన ప్రతిస్పందనకు పట్టే దూరం, వేగాన్ని పదితో భాగించి వర్గం చేస్తే బ్రేకు దూరం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో 15 మీటర్లు, 25 మీటర్లు, మొత్తం 40 మీటర్లు. వేగం 100 అయితే 30, 100, మొత్తం 130 మీటర్లు. వేగం రెట్టింపయితే దూరం మూడు రెట్లు దాటిందన్నది ఒకసారి కాగితం మీద చూసినవారు, ముందున్న బండికి దగ్గరగా వెళ్లే అలవాటును తామే మానుకుంటారు. వీడియో ప్రశ్నల్లో మాత్రం, ప్రశ్న తెరిచాక వీడియోను మళ్లీ చూడనివ్వరు కనుక, అద్దాల్లో కనిపించేది కూడా గమనిస్తూ చూడాలి.

## ప్రాక్టికల్ పరీక్ష

నాకు జర్మన్ సరిగా రాదు. ప్రాక్టికల్ పరీక్ష ఇవ్వగలనా?

ఇవ్వగలరు, కానీ కొంత జర్మన్ నేర్చుకోవాలి. ఈ పరీక్ష జర్మన్‌లోనే జరుగుతుంది, దుబాసీని అనుమతించరు. పరీక్షాధికారి వాడే మాటలు పరిమితం: కుడికి తిరగండి, ఎడమకు తిరగండి, తర్వాతి కూడలి, సాధ్యమైన చోట వెనక్కు తిప్పండి, ఇక్కడ నిలపండి వంటివి. బయలుదేరే ముందు టైర్లు, లైట్లు, ఇంజన్ ఆయిల్, బ్రేకు ఫ్లూయిడ్ గురించి కూడా అడగవచ్చు. ఇవన్నీ కలిపి యాభై అరవై మాటలకు మించవు. చివరి నాలుగైదు పాఠాల్లో బోధకుణ్ణి జర్మన్‌లో మాత్రమే ఆదేశాలివ్వమని కోరండి.

పరీక్ష ఎంతసేపు, ఏమేమి చేయిస్తారు?

కారుకు మొత్తం 55 నిమిషాలు, అందులో కనీసం 30 నిమిషాలు నడపడమే ఉంటుంది. ప్రాంతాన్ని బట్టి ట్యూఫ్ లేదా డెక్రా సంస్థ పరీక్షాధికారి వెనక సీట్లో కూర్చుంటారు. నగరం లోపల, ఊరి బయట, వీలైతే ఆటోబాన్ మీద నడిపిస్తారు. రోడ్డు పక్కన వరుసలో పార్కింగ్, పార్కింగ్ గడిలో పెట్టడం, కుడివైపు మూల మీదుగా రివర్స్, కారు వెనక్కు తిప్పడం, ఉన్నట్టుండి గట్టి బ్రేకు వేసి ఆపడం వంటి వాటిలో కొన్ని చేయిస్తారు.

పదేళ్లు హైదరాబాదు ట్రాఫిక్‌లో నడిపినవాళ్లు కూడా ఎందుకు తప్పుతున్నారు?

కారును అదుపు చేయడంలో మనకు లోపం లేదు. లోపం చూపులో ఉంది. మన రోడ్ల మీద ముందు చక్రం ముందుకు పెట్టినవాడు వెళతాడు, హారన్ మన ఉనికిని చెబుతుంది. ఇక్కడ ఎవరు ముందు వెళ్లాలన్నది నియమం తేలుస్తుంది, ప్రమాదం ఉంటే తప్ప ఊళ్లో హారన్ కొట్టరు.

అందులో మొదటిది రెష్ట్స్ ఫోర్ లింక్స్, అంటే కుడి నుంచి వచ్చేవారికి దారి ఇవ్వడం. ఏ బోర్డూ, సిగ్నలూ లేని కూడలిలో, ఎంత చిన్న సందు నుంచి వచ్చినా, కుడివైపు బండికే హక్కు. 30 వేగ పరిమితి ఉన్న నివాస వీధుల్లో ఇలాంటి కూడళ్లు వరుసగా వస్తాయి. అక్కడ వేగం తగ్గించి కుడికి తల తిప్పి చూడని వారిని పరీక్షాధికారి వెంటనే గమనిస్తారు.

రెండోది షుల్టర్‌బ్లిక్, భుజం మీదుగా వెనక్కు చూడడం. నా మొదటి ప్రయత్నం దీని దగ్గరే ముగిసింది. పచ్చదీపం పడింది, కుడి ఇండికేటరు వేసి ఉంది, అద్దం చూశాను, స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టాను. కారు ఒక్క కుదుపుతో ఆగింది. బోధకుడి కాలు తన బ్రేకు మీద ఉంది. నా కుడి తలుపు పక్కనుంచి, ఎర్ర రంగు వేసిన సైకిల్ దారిలో, వెనక బుట్టలో స్కూలు సంచీ పెట్టుకున్న ఒక అమ్మాయి నేరుగా ముందుకు సాగిపోయింది. ఆమె అద్దంలో లేదు, భుజం మీదుగా చూసి ఉంటే ఉండేది. బోధకుడు కల్పించుకుంటే పరీక్ష అక్కడితో సరి. ఆ నిర్ణయం న్యాయమైనదేనని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. ఆ రోజు నుంచి కుడికి తిరిగిన ప్రతిసారీ తల దానంతట అదే తిరుగుతుంది. లేను మారినా, రోడ్డు పక్క నుంచి కదిలినా, తలుపు తెరిచినా ఈ చూపు తప్పనిసరి. పరీక్షాధికారికి తెలిసేలా, కళ్లతో కాక తలతో చూడండి.

మిగిలినవి: స్టాప్ బోర్డు దగ్గర చక్రాలు పూర్తిగా ఆగాలి, మెల్లగా దొర్లడం చాలదు. సైకిల్‌ను దాటేటప్పుడు ఊళ్లో ఒకటిన్నర మీటర్లు, ఊరి బయట రెండు మీటర్ల ఎడం ఉండాలి. జీబ్రా గీతల దగ్గర నడిచేవారు అడుగు వేయబోతున్నా ఆగాలి. అనవసరంగా మరీ మెల్లగా నడపడం కూడా తప్పే. ఎదుటి బండి లైటు కొడితే మన దగ్గర ‘నేను వస్తున్నాను, ఆగు’ అని అర్థం, ఇక్కడ చాలామంది ‘మీరు వెళ్లండి’ అన్న ఉద్దేశంతో కొడతారు.

తప్పితే మళ్లీ ఎప్పుడు ఇవ్వవచ్చు?

థియరీ అయినా ప్రాక్టికల్ అయినా సాధారణంగా రెండు వారాల తర్వాత. థియరీ నెగ్గిన నాటి నుంచి పన్నెండు నెలల్లోపు ప్రాక్టికల్ నెగ్గాలి, లేకపోతే థియరీ మళ్లీ రాయాలి. పరీక్ష చివర ఏ తప్పులు జరిగాయో పరీక్షాధికారి చెబుతారు, లిఖితపూర్వకంగా కూడా ఇస్తారు. దాన్ని బోధకుడితో కూర్చుని చదివి, ఆ తప్పు జరిగిన కూడలికే మళ్లీ వెళ్లి సాధన చేయండి.

## కార్డు చేతికి వచ్చాక

మన ఇండియా లైసెన్సు తీసేసుకుంటారా?

అవును, జర్మన్ కార్డు ఇచ్చేటప్పుడు ఇండియా కార్డును తీసుకుంటారు. అందుచేత అప్పగించే ముందు రెండు వైపులా స్పష్టమైన నకలు తీసి పెట్టుకోండి. సెలవులకు వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో గాని తెలంగాణలో గాని నడపాలనుకుంటే, జర్మనీలోనే ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని వెళ్లవచ్చు.

రెండేళ్ల ప్రొబేషన్ మాకూ ఉంటుందా?

కొత్తగా లైసెన్సు పొందినవారికి రెండేళ్లు ఉంటుంది. ఇండియా లైసెన్సు మార్చుకున్నవారికి, దాన్ని పొందిన నాటి నుంచి గడిచిన కాలాన్ని అందులో లెక్కిస్తారు కనుక, రెండేళ్లకు పైబడినవారికి సాధారణంగా మిగిలేదేమీ ఉండదు. ప్రొబేషన్‌లో ఉన్నవారు, 21 ఏళ్లు నిండనివారు మద్యం చుక్క కూడా తాగి నడపకూడదు. ఈ కాలంలో తీవ్రమైన తప్పు ఒకటి గాని, తేలికపాటివి రెండు గాని చేస్తే ప్రత్యేక శిక్షణకు వెళ్లాలి, గడువు మరో రెండేళ్లు పెరుగుతుంది.

ఈ లైసెన్సు ఎన్నాళ్లు చెల్లుతుంది, ఎక్కడెక్కడ చెల్లుతుంది?

కార్డు గడువు 15 ఏళ్లు. గడువు ముగిసినప్పుడు కార్డు మాత్రం మార్చుకోవాలి, పరీక్షలు మళ్లీ ఉండవు. ఐరోపా సమాఖ్య దేశాలన్నిటిలోనూ చెల్లుతుంది, రేపు మీరు ఫ్రాన్సుకో నెదర్లాండ్స్‌కో మారినా మళ్లీ మొదలుపెట్టనక్కర లేదు.

దీనితో బైకు నడపవచ్చా?

50 సీసీ వరకు ఉన్న, గంటకు 45 కిలోమీటర్లు మించని మోపెడ్లు నడపవచ్చు, అంతకు మించి నడపకూడదు. మన లైసెన్సులో మోటారు సైకిల్ కూడా ఉంటే, దానికి విడిగా పరీక్షలు ఇచ్చి మార్పించుకోవాలి. 25 ఏళ్లు నిండి, ఐదేళ్లుగా కారు లైసెన్సు ఉన్నవారికి ఇంకో మార్గం ఉంది: తొమ్మిది పాఠాల శిక్షణతో, పరీక్ష లేకుండానే, 196 అనే సంకేతం వేయించుకుని 125 సీసీ బళ్లు నడపవచ్చు. అది జర్మనీ సరిహద్దు లోపలే చెల్లుతుంది.